రెండు వానల ద్వీపం

శ్రీలంకలో పండుగల తేదీలు సూర్యచంద్రులు చెబుతారు. ఏ పండుగకు ఎటువైపు కదలాలో మాత్రం వాన చెబుతుంది.

జ్యేష్ఠ పౌర్ణమి నాడు తెలుగు రైతు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులద్ది, కాడి కట్టి పొలంలో తొలి చాలు తీస్తాడు. అది ఏరువాక. అదే పున్నమికి శ్రీలంకలో అనురాధపురం దారులన్నీ తెల్లబట్టల జనంతో నిండిపోతాయి. వాళ్ళు ఆ రోజును పొసొన్ అంటారు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అశోకుడి కుమారుడు మహిందుడు బౌద్ధాన్ని మోసుకొచ్చి, మిహింతలె కొండ మీద దేవానంపియతిస్స రాజును కలుసుకున్నది ఆ పున్నమి నాడేనని వాళ్ళ నమ్మకం. కొండ మెట్లు ఎక్కే జనంలో వరి పండించే రైతులు ఎందరో ఉంటారు. అయితే ఆ ప్రాంతంలో పెద్ద పంటకు నాగలి కట్టే వేడుక ఆ పున్నమికి రాదు. వాళ్ళ ఏరువాకకు ఇంకా నాలుగు నెలలుంది. ఆశ్వయుజంలో వచ్చే ఆ వేడుక పేరు వప్ మగుల్.

అక్కడా ఇక్కడా ఉన్నది ఒకే చంద్రుడు. నెలల పేర్లూ దగ్గరి చుట్టాలే. మన వైశాఖం వాళ్ళకు వెసక్, ఆషాఢం ఎసల, పుష్యం దురుతు. మరి నాగలి పట్టే పున్నమి ఎందుకు మారింది? ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే ఆ ద్వీపం చరిత్ర సగం తెలిసిపోతుంది.

కొండ పంచిన వాన

శ్రీలంక చిన్న దేశం. విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు. భూమధ్యరేఖకు ఉత్తరంగా ఆరు నుంచి పది డిగ్రీల మధ్య ఉంది కాబట్టి ఎండాకాలం, చలికాలం అనే తేడా పెద్దగా తెలియదు. అక్కడ కాలాన్ని విడదీసేది వానే.

ద్వీపం నడిమధ్యకు కాస్త దక్షిణంగా కొండలు గుంపుగా లేచి నిలుచున్నాయి. మే నుంచి సెప్టెంబరు దాకా వీచే నైరుతి రుతుపవనాలు ఆ కొండల పడమటి వాలును ఢీకొని అక్కడే కుమ్మరిస్తాయి. కొన్ని చోట్ల ఏడాదికి 5,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. కొండ దాటిన గాలిలో తేమ ఉండదు. అది తూర్పు తీరానికి వేడి గాలిగా దిగుతుంది. మట్టకళప్పు తమిళులు దాన్ని కచ్చాన్ గాలి అంటారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా లెక్క తలకిందులవుతుంది. ఈశాన్య రుతుపవనాలు ఉత్తరాన్నీ తూర్పునూ తడుపుతాయి. వాటికి ముందు అక్టోబరు, నవంబరు నెలల్లో ఉరుములతో, తుపానులతో వచ్చే వానలు దాదాపు దేశమంతటా పడతాయి.

అందుకే అక్కడివాళ్ళు తమ నేలను తడి మండలం, పొడి మండలం అని విడదీసి చెప్పుకుంటారు. నైరుతి మూలన ఉన్న తడి మండలంలో ఏటా 2,500 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. ఉత్తరం, తూర్పు, ఆగ్నేయాలకు పరుచుకున్న పొడి మండలంలో 1,750 మిల్లీమీటర్లు దాటదు, అందులోనూ ఎక్కువ భాగం నాలుగైదు నెలల్లోనే పడిపోతుంది. వరికి రెండు కారులు. అక్టోబరు ప్రాంతంలో విత్తి ఫిబ్రవరి, మార్చిలో కోసేది మహ. ఏప్రిల్, మే నెలల్లో విత్తి ఆగస్టు, సెప్టెంబరులో కోసేది యల. అనురాధపురం రైతుకు మహ పంటే ప్రాణం. అక్టోబరు వాన కోసం మొగులు చూసే నెల్లూరు రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

నడినెత్తిన సూర్యుడు

ద్వీపం ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది. మహ పంట ఇంటికి చేరింది, యల విత్తనం ఇంకా నేలలో పడలేదు. ఆ రెండు పనుల నడుమ దొరికిన తీరికలో, ఏప్రిల్ 13, 14 తేదీల్లో సింహళీయులు అలుత్ అవురుద్దు, తమిళులు పుత్తాండు జరుపుకుంటారు. ఒకే దేశంలో రెండు భాషల వాళ్ళు, రెండు మతాల వాళ్ళు ఒకే ముహూర్తానికి కొత్త సంవత్సరంలో అడుగుపెట్టే పండుగ అది.

సూర్యుడు మీనం నుంచి మేషంలోకి మారడం పంచాంగం చెప్పే కారణం. ఆకాశంలో కంటికి కనిపించే కారణం మరొకటి ఉంది. ఏప్రిల్ 5 నుంచి 15 మధ్య శ్రీలంకలో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. దక్షిణ కొస నుంచి ఉత్తర కొస దాకా రోజుకు కొంత చొప్పున జరుగుతూ పోతాడు. మనిషి నీడ పాదాల కిందే దాక్కునే రోజులవి. ఆ రోజుల్లోనే కోకిల కూస్తుంది, ఎరబదు చెట్టు ఆకులన్నీ రాల్చి ఎర్రపూలతో నిండుతుంది. ఊళ్ళో పెద్దలకు పండుగ దగ్గర పడిందని చెప్పేవి ఆ కూత, ఆ పువ్వు.

పాత ఏడాదికీ కొత్త ఏడాదికీ మధ్య 12 గంటల 48 నిమిషాల పాటు ఎవరికీ చెందని కాలం ఒకటుంటుంది. దాన్ని నొనగతె అంటారు. దాని తొలి సగంలో పొయ్యి వెలగదు, పని ముట్టరు, గుడికి వెళ్ళడం తప్ప మరేమీ చేయరు. కొత్త ఏడాది పుట్టాక దేశమంతా ఒకే ముహూర్తానికి పొయ్యి రాజేస్తుంది. కొత్త కుండలో పాలు పొంగిస్తారు. కొత్త బియ్యంతో కొబ్బరిపాల అన్నం, కిరిబత్, వండుతారు. కెవుం, కొకిస్ లాంటి పిండివంటలన్నీ కొత్త బియ్యప్పిండితో, కొబ్బరినూనెతో చేసేవే. గాదె నిండిన నెల కాబట్టే వంటింట్లో ఆ సందడి.

పంటనూ పండుగనూ పక్కపక్కనే చూసినవాడు ఒకడున్నాడు. ఇంగ్లండు నావికుడు రాబర్ట్ నాక్స్ 1660లో కాండీ రాజ్యంలో బందీగా చిక్కాడు. దాదాపు 19 ఏళ్ళు అక్కడి పల్లెల్లో గడిపి, తప్పించుకుపోయి, 1681లో ఆ దేశం గురించి పుస్తకం అచ్చు వేయించాడు. అందులో సేద్యం పనులూ ఉన్నాయి, పండుగలూ ఉన్నాయి. పల్లెల్లో ఏళ్ళ తరబడి బతికినవాడికి అవి రెండూ ఒకే కథగా కనిపించడంలో వింత లేదు.

దీపాల కింద తొలి వాన

చాలా ఏళ్ళలో మేలో వెసక్. బుద్ధుడి పుట్టుక, జ్ఞానోదయం, నిర్యాణం మూడూ ఈ పున్నమినే జరిగాయని నమ్ముతారు. బ్రిటిష్ పాలనలో 1885 నుంచి ఆ రోజుకు మళ్ళీ సెలవు దక్కింది. ఆ ఏటి వెసక్ నాడే, ఏప్రిల్ 28న, బౌద్ధ పతాకం తొలిసారి ఎగిరింది. ఇళ్ళ ముందు కాగితపు లాంతర్లు, కూడళ్ళలో జాతక కథల బొమ్మలున్న విద్యుద్దీపాల తోరణాలు, దారి పొడవునా ఉచితంగా అన్నం, పానకం పెట్టే దన్సల్. ఇదంతా నైరుతి రుతుపవనం గుమ్మంలోకి వచ్చే వేళకే జరుగుతుంది. వెదురు బద్దలకు పలచని కాగితం అతికించిన లాంతరుకు తొలి వానతో పోటీ తప్పదు.

నెల తిరిగేసరికి పొసొన్. కొలంబో వైపు వాన కురుస్తూ ఉంటుంది. అనురాధపురం వైపు ఆకాశం తేటగా ఉంటుంది. తడి మండలం నుంచి బస్సుల్లో, రైళ్ళలో జనం పొడి మండలానికి కదులుతారు. లక్షల మంది చెట్ల కింద, చెరువు గట్ల మీద, బయలు ప్రదేశాల్లో రాత్రులు గడపగలుగుతున్నారంటే ఆ వేళ అటువైపు వాన లేకపోవడమే కారణం.

ఉరుములా మోగే కొరడా

ఆషాఢం వెళ్ళి శ్రావణ పౌర్ణమి వచ్చే లోపు కాండీ నగరంలో ఎసల పెరహెర జరుగుతుంది. బౌద్ధం రాక ముందు నుంచీ ఉన్న వాన మొక్కు, ఆ తర్వాత వచ్చిన బుద్ధుడి దంతధాతు ఉత్సవం కలిసిపోయిన వేడుక ఇది. శుభముహూర్తాన పనస జాతి చెట్టు కొమ్మను నరికి నాథ, విష్ణు, కతరగమ, పత్తిని దేవాలయాల్లో పాతడంతో మొదలవుతుంది. తొలి రాత్రులు ఊరేగింపు ఆలయాల లోపలే తిరుగుతుంది. తర్వాత ఐదు రాత్రులు కుంబల్ పెరహెర, మరో ఐదు రాత్రులు రందోలి పెరహెర వీధుల్లోకి వస్తాయి.

ఊరేగింపుకు ముందు కొరడాలు ఝళిపించేవాళ్ళు నడుస్తారు. ఆ చప్పుడు ఉరుముకు గుర్తని అక్కడివాళ్ళు చెబుతారు. వాళ్ళ వెనక నిప్పుబంతులు తిప్పేవాళ్ళు, డోళ్ళు వాయించేవాళ్ళు, నాట్యకారులు, బారులు తీరిన ఏనుగులు. ఏనుగును మేఘంతో పోల్చడం మన కవులకూ అలవాటే. చివరి రాత్రి గడిచాక గెటంబె రేవు దగ్గర మహవెలి నదిలో నీటిని కత్తితో ఛేదించి, ఆ చోట కుండలో నీళ్ళు పట్టి ఆలయంలో దాస్తారు. మరుసటి ఏడు అదే రేవులో ఆ నీటిని వదిలి కొత్త నీరు పడతారు. దంతధాతువును సేవించే రాజు ఏలుబడిలో వానలు వేళకు కురుస్తాయని తరాల నమ్మకం. అందుకే ఆ ధాతువు ఎవరి దగ్గర ఉంటే రాజ్యం వాళ్ళదన్నారు. వానను తెచ్చేవాడే రాజని ఒక వ్యవసాయ దేశం తీర్చుకున్న లెక్క అది.

ఈ కథలో తెలుగు నేలకూ చోటుంది. దంతధాతువు నాలుగో శతాబ్దంలో కళింగ దేశపు దంతపురం నుంచి వచ్చిందనీ, హేమమాల అనే రాజకుమారి దాన్ని జడలో దాచి సముద్రం దాటించిందనీ సింహళ సంప్రదాయం. ఆ దంతపురం శ్రీకాకుళం జిల్లాలోని దంతపురమేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ఐదో శతాబ్దం తొలి ఏళ్ళలో చైనా యాత్రికుడు ఫాహియాన్ రెండేళ్ళు ద్వీపంలో ఉండి, అనురాధపురంలో ఆ ధాతువు ఊరేగింపు చూసి రాసిపెట్టాడు.

ఇక కాండీ సింహాసనం 1739లో మధుర నాయకుల బంధువర్గానికి దక్కింది. తెలుగు మూలాలున్న ఆ వంశంలో రెండో రాజు కీర్తి శ్రీ రాజసింహుడు. ఆయన కాలంలో, 1753లో, సియాం నుంచి ఉపాలి థేరుడు వచ్చి క్షీణించిపోయిన భిక్షు సంఘాన్ని నిలబెట్టాడు. అప్పటిదాకా దేవతలకే పరిమితమైన కాండీ ఊరేగింపులో దంతధాతువుకు అగ్రస్థానం ఇచ్చింది ఈ రాజే. ఇవాళ ప్రపంచం చూస్తున్న పెరహెర రూపం అప్పటిది. ఆ వంశంలో ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు కాండీ నడిబొడ్డున పెద్ద చెరువు తవ్వించాడు. 1815లో బ్రిటిష్ వాళ్ళకు పట్టుబడి, 1832లో వేలూరులో కన్నుమూశాడు.

మగధ వాన, లంక ఎండ

బౌద్ధ భిక్షువులు ఆషాఢ పౌర్ణమి నుంచి మూడు నెలలు ఒకే చోట ఉండిపోతారు. దాన్ని వస్ అంటారు. మన చాతుర్మాస్యం లాంటిదే. ఈ నియమం పుట్టింది మగధలో. వానల్లో తిరిగితే లేత మొక్కలు, పురుగులు కాళ్ళ కింద నలిగిపోతాయని పెట్టిన కట్టడి అది.

మగధలో ఆ మూడు నెలలూ జోరు వానలు. అనురాధపురం చుట్టూ మాత్రం అది ఏడాదిలోకెల్లా పొడిగా ఉండే కాలం. చెరువుల అడుగు కనిపించే రోజుల్లో భిక్షువులు వర్షావాసం చేస్తారు. ఆశ్వయుజ పౌర్ణమికి వర్షావాసం ముగిసి, భిక్షువులకు వస్త్రాలిచ్చే కఠిన చీవర దానాలు మొదలయ్యే నెలలో అసలైన వాన దిగుతుంది. మహిందుడు వెంట తెచ్చిన ధర్మంతో పాటు ఉత్తరాది రుతుచక్రమూ వచ్చింది. సింహళీయులు ఆ నియమాన్ని రెండు వేల ఏళ్ళకు పైగా పాటిస్తూనే, తమ వానకు తగిన వేడుకను వేరుగా ఉంచుకున్నారు. ఆ వేడుకే వప్ మగుల్. వప్ అన్న పేరులోనే విత్తడమనే అర్థం ఉంది. రాజు స్వయంగా బురదలో దిగి నాగలి పట్టే సంప్రదాయం పాత రాజధానుల నాటిది. ఇప్పటికీ ప్రభుత్వ పెద్దలు పంచె ఎగ్గట్టి తొలి చాలు తీసే సందర్భాలున్నాయి. మనం జ్యేష్ఠంలో చేసేదాన్ని వాళ్ళు ఆశ్వయుజంలో చేయడానికి కారణం ఇదే. మనలో చాలామందికి నైరుతి వాన నాగలి కట్టమంటుంది. పొడి మండలానికి ఆ మాట ఈశాన్యం నుంచి అందుతుంది.

చెరువే దేవుడు

నాలుగైదు నెలల వానను ఏడాదంతా వాడుకోవాలంటే నిలవ చేయాల్సిందే. పొడి మండలంలో వాగు వెంట గొలుసుకట్టుగా వేల చెరువులు వెలిశాయి. మూడో శతాబ్దంలో మిన్నేరియ చెరువు కట్టించిన మహాసేన రాజును ఆ చుట్టుపక్కల పల్లెలు మిన్నేరి దేవుడని కొలుస్తాయి. పన్నెండో శతాబ్దంలో పరాక్రమబాహు పొలొన్నరువలో తవ్వించిన చెరువును ఏకంగా సముద్రమనే పిలిచారు. ఈ చెరువుల గొలుసును ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వాల జాబితాలో చేర్చింది. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల కింద బతికిన తెలంగాణకు ఆ గౌరవం విలువ తెలుసు.

పంట చేతికొచ్చాక ఆ పల్లెల్లో ముట్టి మంగల్యం జరుగుతుంది. చెరువు గట్టున చెట్టుకు మట్టికుండలు కట్టి, గట్టును కాచే అయ్యనాయక దేవుడికి మొక్కి, పాలు పొంగిస్తారు. వచ్చే ఏడు చెరువు నిండాలి, గట్టు తెగకూడదు. కోరిక అంతే.

పుష్య మాసంలో కాండీ దంతాలయానికి కొత్త బియ్యం సమర్పించే అలుత్ సహల్ వేడుక ఉంటుంది. అదే జనవరిలో జాఫ్నా, మట్టకళప్పు తమిళులు తై పొంగల్ నాడు వాకిట్లో కొత్త కుండ పెట్టి సూర్యుడికి పొంగలి నివేదిస్తారు. ఒకరిది బుద్ధుడి గుడి, ఒకరిది ఇంటి వాకిలి. ఆ తొలి గింజ మాత్రం ఒకే మహ వానకు పండింది.

పొడి వైపుకు నడిచే కాళ్ళు

శ్రీలంక యాత్రల పటం గీస్తే అది వాన పటానికి అద్దంలో బొమ్మలా ఉంటుంది. 2,243 మీటర్ల శ్రీపాద శిఖరం నైరుతి వానలకు ఎదురొడ్డి నిలుచున్న కొండ. దాని యాత్ర డిసెంబరులో ఉందువప్ పౌర్ణమికి మొదలై వెసక్ పౌర్ణమితో ముగుస్తుంది. వానాకాలం నెలల్లో సమన్ దేవుడి విగ్రహం కూడా కొండ దిగి పెల్మడుల్ల విహారంలో ఉంటుంది. శిఖరం మీది పాదముద్ర బౌద్ధులకు బుద్ధుడిది, హిందువులకు శివుడిది, ముస్లింలకు ఆదాముది. 1344లో ఎక్కిన ఇబ్న్ బతూతా రాతికి బిగించిన ఇనుప గొలుసుల గురించి రాశాడు. దేవుళ్ళ విషయంలో ఏకీభవించని యాత్రికులందరూ ఎక్కాల్సిన నెలల విషయంలో ఏకీభవించారు.

శ్రీపాద మూసుకున్నాక ఆగ్నేయాన కతరగమ తెరుచుకుంటుంది. జాఫ్నా నుంచి తూర్పు తీరం వెంబడి వారాల తరబడి నడిచే పాదయాత్రికులు కుమన, యాల అడవుల గుండా స్కందుడి సన్నిధికి చేరేది జూలై ప్రాంతంలో. అప్పుడు ఆ అడవి దారులు ఎండి ఉంటాయి. ఆగస్టు 15న మన్నారు జిల్లా మడు మాత ఉత్సవానికి తమిళ, సింహళ క్రైస్తవులు అడవి చెట్ల కింద గుడారాలు వేసుకోగలిగేదీ ఆ పొడి కాలంలోనే. ఈశాన్య గాలి తగ్గి సముద్రం నెమ్మదించిన ఫిబ్రవరి, మార్చి రోజుల్లో కచ్చతీవు దీవిలో సెయింట్ ఆంథోనీ ఉత్సవానికి భారత, శ్రీలంక జాలర్లు పడవల్లో చేరుకుంటారు. నైరుతి గాలికి పడమటి సముద్రం అల్లకల్లోలమైతే నెగొంబో జాలర్లు తూర్పు తీరానికి వలస వెళ్ళడం పాత రివాజు.

ఈ కదలికల మధ్య మన మాట మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. పాములు, కోతులు ఆడిస్తూ తిరిగిన అహికుంటకులు ఇంట్లో మాట్లాడేది తెలుగే. శ్రీతాళం ఆకుల డేరాలు, గాడిదలు వెంటబెట్టుకుని, ఒక చోట ఏడు రోజులకు మించి ఉండకూడదన్న కట్టుబాటుతో బతికారు. ఇప్పుడు చాలామంది స్థిరపడ్డారు.

తేదీ నిలిచింది, వాన తప్పింది

2016 మే 17న అరనాయకె దగ్గర కొండచరియ విరిగి పల్లెలను కప్పేసింది. వెసక్ పున్నమికి అప్పటికి నాలుగు రోజులే. మరుసటి ఏడు మేలో వరదలు, కొండచరియలు 200 మందికి పైగా ప్రాణాలు తీశాయి. ఆ రెండింటి మధ్య వచ్చిన మహ కారులో ఈశాన్యం ముఖం చాటేసి, చెరువులు ఎండి, వరి దిగుబడి దారుణంగా పడిపోయింది. ఒకే ఏడాదిలో ఒక వైపు ముంపు, మరో వైపు కరువు.

పండుగ తేదీ సూర్యచంద్రులది, అది తప్పదు. ఇప్పుడు తప్పుతున్నది వాన. ఆ రెండూ ఒకప్పుడు ఎంత దగ్గరగా నడిచాయో తెలిస్తేనే ఇప్పుడు ఎంత దూరమయ్యాయో కొలవగలం. అందుకే పాత వేడుకలను ఆచారమని పక్కన పెట్టకూడదు. అవి రైతులు తరతరాలుగా రాసుకున్న వాన లెక్కలు.

ఆ లెక్కలు మన ఇళ్ళలోనూ ఉన్నాయి. ఏరువాక నాటికి మీ ఊళ్ళో ఎన్ని వానలు పడేవో, సంక్రాంతికి ఏ వడ్లు ఇంటికి వచ్చేవో, ఉగాదికి వేపపూత ఎలా ఉండేదో ఈ ఆదివారమే మీ ఇంట్లో పెద్దల్ని అడగండి. వాళ్ళు చెప్పింది తేదీ వేసి రాసి పెట్టండి.